కష్టాలు కమ్ముకొచ్చినప్పుడు నిమ్మళంగా దేవుణ్ణి నమ్ముకోవడం ఎలా?

ప్రశ్న — హన్మకొండ సోదరి

పెద్దలందరికీ ప్రభువైన యేసుక్రీస్తు నామంలో వందనాలు. నా ప్రశ్న కొంచెం పొడవుగా ఉంటుంది, ఓపికతో చదవగలరని మనవి.

మాది పరకాల దగ్గర ఒక పల్లె. మావారికి రెండు మూత్రపిండాలూ పనిచేయడం మానేయడంతో హన్మకొండలో ఒక గది అద్దెకు తీసుకొని ఉంటున్నాము. వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతున్నది. ఊళ్లో కౌలుకు పట్టిన చేనులో మిర్చి వేస్తే తామర పురుగు తగిలి పూత మొత్తం రాలిపోయింది, కౌలు పైసలు మాత్రం ముందే కట్టి ఉన్నాము. అప్పు ఇచ్చినవారు పొద్దున లేస్తే ఫోను చేస్తున్నారు. పదో తరగతి చదివే మా అమ్మాయి ఊళ్లో మా అత్తమ్మ దగ్గర ఉంటున్నది. ఇవన్నీ ఒకదాని వెనుక ఒకటి కాకుండా ఒకేసారి వచ్చి మీద పడ్డాయి.

మా సంఘం మమ్మల్ని విడిచిపెట్టలేదు, ఆ సంగతి ముందే చెప్పడం న్యాయం. ఉపవాస ప్రార్థన పెట్టారు, బియ్యం పంపారు, మొదటి నెల అద్దె కూడా వారే కట్టారు. అయితే ప్రేమతో చెప్పిన వారి మాటలే నన్ను ఇప్పుడు తికమక పెడుతున్నాయి. స్త్రీల కూడికలో ప్రార్థన చేస్తూ నేను ఏడ్చినందుకు ఒక పెద్దమ్మ నన్ను పక్కకు పిలిచి, "ఏడిస్తే నమ్మకం లేనట్టే బిడ్డా, 'ఊరకుండుడి నేనే దేవుడనని తెలిసికొనుడి' అని వాక్యం ఉన్నది కదా" అన్నారు. మా మరిదిది ఇంకో రకం మాట: "దేవుడు చూసుకుంటాడని అందరికీ చెప్తూనే ఆరోగ్యశ్రీ కాగితాలకనీ, అప్పు వాయిదాకనీ ఇన్ని ఆఫీసుల చుట్టూ ఎందుకు తిరుగుతున్నావు వదినా?" అంటాడు. వీటన్నిటికంటే నన్ను భయపెట్టింది, ప్రార్థనకు వచ్చిన ఒక సేవకుడు నూనె రాసి, నిజమైన విశ్వాసం ఉన్నవారు యంత్రాల మీద ఆధారపడరని చెప్పి వెళ్లడం. మావారు అప్పటినుంచి ఆ మాటే పట్టుకొని కూర్చున్నారు.

ఏడవకుండా ఉండాలని చూస్తే గుండె బరువెక్కుతున్నది. ఏడిస్తే పాపం చేసినట్టుంటున్నది. తిరగకుండా కూర్చుంటే పనులు జరగవు. దేవుణ్ణి నిమ్మళంగా నమ్ముకోవడం అంటే అసలు ఏమిటి? లోపల ఇంత అలజడి పెట్టుకొని నేను నమ్ముతున్నానని చెప్పుకోవచ్చునా?

జవాబు — విశ్రాంత ఉపాధ్యాయుడు, కాజీపేట

అమ్మా, వందనాలు. నేను పాస్టరును కాను. బడిలో చరిత్ర చెప్పి, ఆదివారం బడిలో లేఖనాలు చెప్పినవాణ్ణి. అందుకని ఉపదేశం చేయకుండా, మీ ప్రశ్నకు సరిగ్గా సరిపోయే ఒక మనిషి సంగతి చెబుతాను.

నెమ్మదిగా ఉండి నమ్ముకొంటే బలం కలుగుతుందని యెషయా ముప్పయ్యో అధ్యాయం పదిహేనో వచనంలో ఉన్నది. ఆ మాట ప్రశాంతమైన తోటలో కూర్చున్నవారికి చెప్పింది కాదు. అష్షూరు సైన్యం ఒక్కొక్క దేశాన్నీ మింగుతూ వస్తుంటే, యూదా పెద్దలు ఐగుప్తు గుర్రాల కోసం ఒంటెల మీద, గాడిదల మీద ధనం కట్టి పంపుతున్న రోజులవి. చివరకు క్రీస్తుపూర్వం 701లో అష్షూరు రాజు సన్హెరీబు రానే వచ్చాడు. ప్రాకారాలు గల నలభై ఆరు పట్టణాలను పట్టుకొన్నాననీ, యూదా రాజు హిజ్కియాను యెరూషలేములో పంజరంలో పక్షిలా బంధించాననీ అతడు తన శాసనంలో రాయించుకొన్నాడు. మీ మీద పడినదీ అలాంటి ముట్టడే కనుక హిజ్కియా ఏమి చేశాడో చూడండి.

బట్టలు చింపుకొని గోనెపట్ట కట్టుకొన్నాడు, అంటే బాహాటంగా దుఃఖించాడు. అష్షూరు రాజు పంపిన రబ్షాకే గోడ దగ్గర నిలబడి, అందరికీ అర్థమయ్యేలా యూదుల భాషలోనే, "మీ దేవుడు మిమ్మల్ని విడిపిస్తాడని హిజ్కియా చెప్పే మాటకు మోసపోకండి" అని అరిచినప్పుడు, ప్రత్యుత్తరమియ్యవద్దని రాజు ఆజ్ఞ ఇచ్చినందున జనులెవరూ నోరు మెదపలేదు. ఆ తరువాత శత్రువు పంపిన ఉత్తరాన్ని మందిరానికి తీసుకుపోయి, యెహోవా సన్నిధిని దాన్ని విప్పి పరచి ప్రార్థించాడు. నాకు ఈ ఘట్టం చాలా ఇష్టం. వచ్చిన కాగితాన్ని చించివేయలేదు, దానిలో ఉన్నది అబద్ధమని నటించలేదు. అష్షూరు రాజులు దేశాలను పాడుచేసిన మాట నిజమేనని ప్రార్థనలోనే ఒప్పుకొన్నాడు. మీకు వచ్చే అప్పు నోటీసును కూడా అలాగే మంచం మీద పరచి, అందులో ఉన్న అంకెను పైకి చదివి ప్రార్థించవచ్చును. దేవుని ఎదుట మర్యాద కోసం అంకెను తగ్గించి చెప్పనవసరం లేదు.

ఇక తిరగడం సంగతి. ఇదే హిజ్కియా ముట్టడికి ముందు పట్టణం వెలుపలి ఊటలను పూడ్పించాడు, పడిన గోడ కట్టించాడు, డాళ్లు చేయించాడు, గిహోను ఊట నీళ్లను పట్టణంలోపలికి మళ్లించాడు. ఆయన తవ్వించినదిగా చెప్పే సొరంగం యెరూషలేములో నేటికీ ఉన్నది. దాదాపు 533 మీటర్ల పొడవు. రెండు చివరల నుంచి రెండు గుంపులు రాతిని తొలుచుకొంటూ వచ్చి, దగ్గరికి చేరినప్పుడు అవతలివారి కేక వినబడిందని 1880లో దొరికిన శిలాశాసనంలో ఉన్నది. ఉలి పట్టి రాయి కొట్టినవారు అవిశ్వాసులని రాజుల గ్రంథం ఎక్కడా అనలేదు.

మరి తప్పు ఎక్కడుంటుంది? దానికీ యెషయాలోనే జవాబు ఉన్నది. ఇరవై రెండో అధ్యాయంలో ప్రవక్త అదే గోడనూ, రెండు గోడల మధ్య కట్టిన చెరువునూ ప్రస్తావించి, ఇవన్నీ చేశారు కానీ దాని చేయించినవాని వైపు మీరు చూడలేదని జనాన్ని గద్దించాడు. చెరువు కట్టినందుకు గద్దింపు రాలేదు, చూపు తప్పినందుకు వచ్చింది. కాబట్టి మీ మరిదికి కోపగించకుండా ఈ ఒక్క అధ్యాయం చదివి వినిపించండి. మీరు ఆఫీసుకు పోయేది అక్కడి గుమాస్తా మీ దేవుడని కాదు, ఆ పని మీ వంతు కాబట్టి. కాగితం ఇచ్చి వచ్చిన తరువాత రాత్రంతా ఆ గుమాస్తా ఏమి రాస్తాడోనని మనసులో మళ్లీమళ్లీ అక్కడికే పోయి నిలబడుతుంటారు చూడండి, ఆ రెండో ప్రయాణం మానుకోవలసింది. అది ఒక్కనాటితో మానేది కాదు, ప్రతి రాత్రీ మానుకోవలసిందే.

మన మెదకు గుడి (పెద్ద చర్చి) కథ మీరు వినే ఉంటారు. 1914లో పని మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఆ కట్టడం గురించి మన పెద్దలు ముందుగా చెప్పేది దాని ఎత్తు గురించి కాదు. కరువుతో అలమటిస్తున్న జనానికి మిషనరీ చార్లెస్ పాస్నెట్ గారు ఆ పనిలో కూలి కల్పించి అన్నం పెట్టారని చెబుతారు. ఆకలితో వచ్చినవారిని ప్రార్థన చేసుకొమ్మని ఖాళీ చేతులతో పంపలేదు. అక్కడ రాయి మోసినవారి మనవలు నేటికీ ఆ గుడిలో మోకరిస్తున్నారు.

పెద్దమ్మగారు చెప్పిన నలభై ఆరో కీర్తనకు కూడా ఒక మాట. ఆ వచనానికి ముందు వచనంలో దేవుడు యుద్ధాలు మాన్పి, విల్లు విరిచి, బల్లెము నరుకుతున్నాడు. కయ్యానికి కాలు దువ్వేవారిని ఆగమని చెప్పే సందర్భం అది. కన్నీళ్లు తుడుచుకొమ్మని ఒక ఇల్లాలిని గద్దించే సందర్భం ఆ కీర్తనలో నాకు కనబడలేదు.

జవాబు — డయాలసిస్ సిస్టర్, వరంగల్

అక్కా, నేను వరంగల్‌లో ఒక డయాలసిస్ కేంద్రంలో నర్సుగా పనిచేస్తున్నాను, నేనూ విశ్వాసినే. మిగిలిన విషయాలు పెద్దలు చెబుతారు, నేను మాత్రం మీ ప్రశ్నలో ఆ చివరి సేవకుని మాట దగ్గరే ఆగిపోయాను.

బావగారిని దయచేసి ఒక్క వంతు కూడా మాననివ్వకండి. డయాలసిస్ తప్పితే రక్తంలో పొటాషియం పెరుగుతుంది. అది పెరిగినప్పుడు ముందుగా ఏ నొప్పీ తెలియకుండానే గుండె లయ తప్పి ఆగిపోవచ్చును. ఒంట్లో నీరు ఊపిరితిత్తుల్లోకి చేరి, పడుకొంటే ఊపిరి ఆడక రాత్రివేళ కూర్చోబెట్టి తీసుకువచ్చినవారిని మేము చూస్తూనే ఉంటాము. ప్రార్థన చేయించుకొని మానేసినవారూ, పండుగ ఉన్నదని మానేసినవారూ ఒకే స్థితిలో వస్తారు.

యాకోబు పత్రికలో పెద్దలను పిలిపించి నూనె రాసి ప్రార్థించమని ఉన్నది, నిజమే. వైద్యం మానమని మాత్రం ఆ అధ్యాయంలో లేదు. పైన మాస్టారు చెప్పిన హిజ్కియాకే మరణకరమైన రోగం వచ్చినప్పుడు, బాగవుతావని దేవుని మాటగా చెప్పిన యెషయాయే అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద కట్టమన్నాడు. నెమ్మదిగా నమ్ముకోమని చెప్పిన ప్రవక్తే మందు కట్టించాడు అక్కా. బావగారికి ఇది చూపించండి, రెండవ రాజులు ఇరవయ్యో అధ్యాయం.

చేతికి ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలను కలిపే ఆపరేషన్) చేసి ఉంటే, పొద్దున లేవగానే దాని మీద వేళ్లు ఆనించి చూడటం బావగారికి నేర్పే ఉంటారు. రక్తం పారుతున్నంతసేపూ అక్కడ చర్మం కింద జుమ్ముమని అదురు తెలుస్తుంది. అది తెలియకపోతే మరునాటి వంతు దాకా ఆగకుండా వెంటనే కేంద్రానికి రావాలి. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకూడదు, సూది గుచ్చి రక్తం తీయనివ్వకూడదు, సంచి తగిలించుకోకూడదు, దాని మీద బరువు పెట్టి పడుకోకూడదు. మా దగ్గరికి వచ్చే ఒక పెద్దాయన రోజూ ఆ అదురు మీద వేళ్లు పెట్టే తన ఉదయ ప్రార్థన మొదలుపెడతారు. యంత్రానికీ విశ్వాసానికీ తగవు ఉన్నదని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

మీ సంగతి కూడా కొంచెం. రోగి వెంట వచ్చేవారు తినకుండా, నిద్రపోకుండా నీరసించి మా కేంద్రం ముందే కళ్లు తిరిగి పడిపోతుంటారు. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడుకొని ఇక నా ప్రాణం తీసుకో అన్నప్పుడు దేవదూత అతనికి ముందుగా ప్రసంగం చేయలేదు. లేచి తినమన్నాడు. అతడు తిని మళ్లీ పడుకొంటే రెండోసారీ లేపి తినమన్నాడు. నిమ్మళంగా మాట్లాడే దేవుని స్వరం వినబడింది ఆ తరువాత, ఎంతో దూరం నడిచాక. మీలోని అలజడిలో సగం ఆకలీ నిద్రలేమీ కావచ్చును. దాన్ని అవిశ్వాసమని పేరు పెట్టి మరింత భారం మోయకండి.

జవాబు — గోదావరిఖని వాసి

అందరూ హిజ్కియా గురించి రాశారు, బాగున్నది. కానీ నేను సింగరేణిలో పనిచేసి దిగిపోయిన మనిషిని, నా భార్య క్యాన్సరుతో ప్రభువు దగ్గరకు వెళ్లింది. సన్హెరీబు యెరూషలేమును పట్టుకోకుండానే తిరిగి పోయాడు, మా ఇంటి ముట్టడిలో మాత్రం తిరిగి పోలేదు. అందుకని ఈ సోదరికి ఇంకొక వైపు కూడా చెప్పకపోతే అన్యాయమవుతుందని రాస్తున్నాను.

అదే 701లో, అదే సైన్యం యూదాలోని లాకీషు పట్టణాన్ని ముట్టడించి పట్టుకొన్నది. నీనెవెలో సన్హెరీబు తన నగరు గోడల మీద ఆ ముట్టడి బొమ్మలు చెక్కించుకొన్నాడు. అవి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. గోడకు ఎగబాకే సైనికులు, మూటాముల్లె బండ్ల మీద పెట్టుకొని చెరలోకి పోయే కుటుంబాలు అందులో కనబడతారు. యెరూషలేమువారే ప్రార్థించారా, లాకీషులో మోకరించినవారు ఒక్కరైనా లేరా? ఉండే ఉంటారని నా నమ్మకం. యెరూషలేము కథ మాత్రమే చెబితే, విడుదల రానివారు తమ విశ్వాసంలోనే లోపమున్నదని తమను తాము తొలుచుకొంటారు. నా భార్య చివరి నెలల్లో మా ఇంటికి వచ్చిన కొందరు మాకు ఇచ్చి పోయినది ఆ భారమే.

నాకు నిలబడే చోటు దొరికింది హబక్కూకు ప్రవక్త దగ్గర. మూడో అధ్యాయం పదిహేడు, పద్దెనిమిది వచనాలు అందరికీ కంఠస్థమే: అంజూరపు చెట్లు పూయకున్నా, ద్రాక్షలు ఫలించకున్నా, పొలంలో పంట రాకున్నా, దొడ్డిలో పశువులు లేకున్నా యెహోవాయందు ఆనందిస్తానన్నాడు. పూత రాలిన మిర్చి చేను చూసివచ్చిన మీకు ఆ మాట అర్థం చేసుకోవడానికి వ్యాఖ్యానం అవసరం లేదు. కానీ వాటికి ముందున్న పదహారో వచనాన్ని మనవారు ఎందుకో దాటవేస్తారు. అందులో ప్రవక్తకు కడుపులో కలవరం, పెదవులు వణుకు, కాళ్లు వణుకు, ఎముకల్లో కుళ్లు పుట్టినట్టున్నది. ఆ వచనం ముగిసేలోపే అతడు శ్రమదినం వచ్చేదాకా ఊరుకొని కనిపెట్టవలసి ఉన్నదని కూడా అంటున్నాడు. కాళ్లు వణికింది అతనికే, ఊరుకొని కనిపెట్టిందీ అతడే, అదీ ఒకే పూట. కనుక లోపల అలజడి ఉన్నప్పుడు నమ్ముతున్నానని చెప్పుకోవచ్చునా అని మీరు అడిగినదానికి, హబక్కూకు చెప్పుకొన్నాడు అనే నా జవాబు. అతడు భయపడిన కల్దీయులు (బబులోనువారు) నిజంగానే వచ్చి యెరూషలేమును కాల్చారు. అయినా ఆ పాట గ్రంథంలో అలాగే ఉన్నది.

ఎనభై ఎనిమిదో కీర్తన అయితే "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగిసిపోతుంది, ఒక్క స్తుతి మాట కూడా తరువాత రాదు. దాన్ని కూడా దేవుడు తన ప్రార్థనల పుస్తకంలోనే పెట్టించుకొన్నాడు. మన ప్రభువు శరీరధారియైన దినాల్లో "మహా రోదనముతోను కన్నీళ్లతోను" ప్రార్థించాడని హెబ్రీ పత్రికలో ఉన్నది. ఏడుపు అవిశ్వాసమయితే ఆ మాట అక్కడ ఎలా ఉంటుందో ఆ పెద్దమ్మగారినే అడగండి, వినయంగానే.

నా భార్య చివరిదాకా బాగవుతానని చెప్పుకోలేదు, బాగుకానని కూడా చెప్పుకోలేదు. "ఆయన చేతిలో ఉన్నాను, ఇవాళ గంజి పలుచగా చేయండి" అనేది. ఆ రెండు సంగతులూ ఒకే గొంతుతో చెప్పేది. నాకు అంతకంటే పెద్ద పాఠం ఎవరూ చెప్పలేదు.

హన్మకొండ సోదరి తిరిగి రాశారు

మాస్టారికి, చెల్లెకు, గోదావరిఖని అన్నకు నా వందనాలు. అన్నా, మీ భార్య గురించి చదివి నేనూ మావారూ ఇద్దరమూ చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. ఆ తరువాత ఆయనే ఇరవయ్యో అధ్యాయం తీయమన్నారు. అంజూరపు ముద్ద సంగతి ఇన్నేళ్లలో మేము ఎన్నడూ గమనించలేదు. రేపటి వంతుకు వస్తానని ఆయన నోటితో ఆయనే అన్నారు.

ఇంకొక్క సందేహం ఉన్నది. చూడటానికి వచ్చేవారు తమ సలహాలతో నన్ను అలసిపోయేలా చేస్తున్నారు. వారిని రావద్దంటే సంఘాన్ని కాదన్నట్టు అవుతుంది. వస్తే ప్రతి ఒక్కరికీ మొదటినుంచి చెప్పి, ప్రతి ఒక్కరి మాటా విని, వారు పోయాక మళ్లీ మనసు కూడగట్టుకోవలసి వస్తున్నది. దీనికి ఏమి చేయాలి?

విశ్రాంత ఉపాధ్యాయుడు, కాజీపేట

అమ్మా, యోబు ముగ్గురు స్నేహితులు చేసిన ఒకే ఒక్క మంచి పని ఏమిటంటే, ఏడు పగళ్లు ఏడు రాత్రులు అతనితో కూడా నేల మీద కూర్చోవడం, అతని బాధ మిక్కుటమని చూసి ఒక్క మాటా పలకకపోవడం. నోరు తెరిచిన దగ్గరినుంచే వారు చెడిపోయారు, చివరకు దేవుడే వారి మీద కోపగించాడు. యోబు మొరపెట్టాడు, పుట్టిన దినాన్ని శపించాడు, దేవునితో వాదించాడు. అయినా తనను గూర్చి యుక్తమైనది పలికింది అతడేనని దేవుడు చెప్పాడు.

అందుకని మీ అయ్యగారి భార్యతోనో, మీకు నమ్మకమున్న ఒక్క అక్కతోనో విషయం చెప్పి, వచ్చేవారికి కబురు ఆమె ద్వారానే వెళ్లేలా ఏర్పాటు చేసుకోండి. అప్పుడు ప్రతివారికీ మీరు మొదటినుంచి చెప్పే పని తప్పుతుంది. వచ్చినవారికి ఒక పని అప్పగించండి: ఒకరిని ఊళ్లో అమ్మాయికి పరీక్ష ఫీజు కట్టి రమ్మనండి, ఇంకొకరిని మందులు తెమ్మనండి. పని చేతిలో ఉన్నవారు సలహాలు తక్కువ ఇస్తారు, ఇది నేను బడిలో చూసిన సత్యం. ఇక ఎవరూ లేని వేళ మీకు ప్రార్థనకు మాటలు రాకపోతే, అరవై రెండో కీర్తన మొదటి వచనం ఒక్కటి చదివి ఊరుకోండి. మీ బదులు మేము ఇక్కడ ప్రార్థిస్తాము.

డయాలసిస్ సిస్టర్, వరంగల్

అక్కా, రేపటి వంతుకు ఆరోగ్యశ్రీ కార్డు, ఆధార్, పాత రిపోర్టులు అన్నీ ఒకే సంచిలో పెట్టుకొని రండి. డయాలసిస్ పథకం కింద ఉన్నదే కాబట్టి కాగితాల కోసం మీరు ఒంటరిగా తిరగనక్కరలేదు, ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అని ఒకరు ఉంటారు, వారినే అడగండి. నాలుగు గంటలు పడుతుంది కనుక ఆ సమయంలో మీ సంఘం నుంచి ఒకరిని బావగారి దగ్గర కూర్చోబెట్టి, మీరు గదికి వెళ్లి అన్నం తిని పడుకోండి. ఆ సమయంలో ఆయనను కనిపెట్టుకొని ఉండటానికి అక్కడ మావాళ్లు ఉంటారు.